ప్రసాదంలో మాత్ర కలపొచ్చా?

పోయిన వారం వీడియోలో గీత మొదటి అధ్యాయం, అర్జున విషాద యోగం గురించి మాట్లాడుకున్నాం. ఒక ప్రశ్న మాత్రం కావాలనే పక్కన పెట్టాను. అది రెండు నిమిషాల్లో తేలేది కాదు, బ్యాక్‌గ్రౌండ్‌లో వేణువు మ్యూజిక్ పెట్టి చెప్పేది అంతకన్నా కాదు.

ప్రశ్న ఇదీ. మనసు బాగోలేని మనిషి "నాకేం లేదు, డాక్టర్ దగ్గరికి రాను, మందులు వేసుకోను" అంటున్నాడు. అతని మేలు కోరేవాళ్ళు ఎంతవరకు ఒత్తిడి చేయొచ్చు? బతిమాలొచ్చు, సరే. కోప్పడొచ్చా? బెదిరించొచ్చా? నలుగురూ పట్టుకుని కారెక్కించొచ్చా? తెలీకుండా అన్నంలో కలిపి పెట్టొచ్చా? పోనీ ఇవన్నీ చేశారే అనుకుందాం, ఆ మనిషి నిజంగా కోలుకుంటాడా?

నేను డాక్టర్ని కాదు. బీటెక్ చదివి కోడ్ రాసుకుంటున్నవాణ్ణి. కానీ ఈ ప్రశ్న మా ఇంట్లో చాలా ఏళ్ళు కూర్చుంది. అందుకే రాస్తున్నాను.

ముందు గీత దగ్గరికే వెళ్దాం. అర్జునుడికి వచ్చింది డిప్రెషనే అని రీల్స్‌లో తేల్చి చెప్పేస్తుంటారు. నేను అలా అనను. ధర్మసంకటంలో పడ్డ మనిషికి జబ్బు పేరు తగిలించడం మనకు తగని పని. కాకపోతే అక్కడ చెప్పిన లక్షణాలు చూడండి: ఒళ్ళు పట్టు తప్పడం, నోరు ఎండిపోవడం, వణుకు, చర్మం మండినట్టు ఉండటం, చేతిలోంచి విల్లు జారిపోవడం, నిలబడలేకపోవడం, మనసు గిర్రున తిరగడం. పానిక్ అటాక్ వచ్చినవాళ్ళు ఆ శ్లోకాల అర్థం చదివితే, ఇది నా గురించే రాశారా అనుకుంటారు.

అప్పుడు కృష్ణుడు ఏం చేశాడు? మొదట మందలించాడు. రెండో అధ్యాయం మొదట్లోనే, ఈ పిరికితనం నీకు తగదు, లేచి నిలబడు అన్న అర్థంలో గట్టిగానే అన్నాడు. మన ఇళ్ళలో కూడా మొదట జరిగేది ఇదే కదా. "ఏంట్రా ఇది, లే, స్నానం చెయ్యి, నలుగురిలో తిరుగు, అన్నీ అవే సర్దుకుంటాయి." కానీ ఆ మందలింపు ఎంత పని చేసిందో చూడండి. తొమ్మిదో శ్లోకానికి వచ్చేసరికి అర్జునుడు యుద్ధం చేయనని చెప్పేసి మౌనంగా కూర్చున్నాడు. సాక్షాత్తూ భగవంతుడు మందలించినా వచ్చిన ఫలితం మౌనమే.

ఇక్కడ చాలామంది గమనించకుండా దాటిపోయే విషయం ఒకటుంది. ఆ మందలింపుకీ ఆ మౌనానికీ మధ్య, ఏడో శ్లోకంలో, నాకేది మంచిదో తెలియట్లేదు, నీ శిష్యుణ్ణి, చెప్పు అని అర్జునుడే అడిగాడు. రెండు శ్లోకాలు గడిచాక చేయనన్నాడు. సాయం అడగడం, మళ్ళీ వద్దనడం, రెండూ ఒకే నోటితో. ఇంట్లో ఎవరికైనా మనసు బాగోలేక దగ్గరుండి చూసుకున్నవాళ్ళకి ఇది బాగా తెలుసు. రాత్రి పదకొండింటికి "నాకేదో అవుతోంది, ఏదైనా చెయ్యండి" అన్న మనిషే పొద్దున అపాయింట్‌మెంట్ టైంకి దుప్పటి ముసుగు తన్ని పడుకుంటాడు. కృష్ణుడు ఆ వద్దనడాన్ని పట్టుకుని గొడవపడలేదు. అడగడాన్ని పట్టుకున్నాడు. చిరునవ్వుతో మొదలుపెట్టి, మధ్యలో వచ్చిన ప్రతి సందేహానికీ జవాబు చెప్పుకుంటూ పోయాడు.

విశ్వరూపం కూడా బలవంతంగా చూపించలేదు. పదకొండో అధ్యాయంలో అర్జునుడు చూడాలని ఉంది అన్నాకే చూపించాడు. చూసి భయపడి, మామూలు రూపానికి వచ్చెయ్యి స్వామీ అంటే వెంటనే వచ్చేశాడు. "ఇంకాసేపు చూడు, నీ మంచికే" అనలేదు! చివరికి 18వ అధ్యాయం 63వ శ్లోకంలో, చెప్పవలసిందంతా చెప్పాను, బాగా ఆలోచించుకుని నీకు ఎలా తోస్తే అలా చెయ్యి అని నిర్ణయం అర్జునుడికే వదిలేశాడు. రథం పగ్గాలు ఆయన చేతిలోనే ఉన్నాయి. కావాలంటే గుర్రాల్ని నేరుగా భీష్ముడి మీదకి తోలొచ్చు. తోలలేదు.

ఇప్పుడు మీరు అడగబోయేది నాకు తెలుసు. "అర్జునుడు ఆలోచించగలిగే స్థితిలో ఉన్నాడు. మా తమ్ముడికి అసలు జబ్బు ఉందనే తెలీదు. వాడికి 700 శ్లోకాలు చెప్పినా ఏం లాభం?"

న్యాయమైన ప్రశ్నే. స్కిజోఫ్రెనియా లాంటి జబ్బుల్లో చాలామందికి తమకు జబ్బుందన్న ఎరుకే ఉండదు. అది మొండితనం కాదు, జబ్బులో ఒక భాగం. దాన్ని అనోసోగ్నోసియా అంటారు. జేవియర్ అమడోర్ అనే అమెరికన్ సైకాలజిస్ట్ దీని మీద చాలా పని చేశాడు. ఆయన సొంత అన్నకే స్కిజోఫ్రెనియా. నీకు జబ్బుంది, ఒప్పుకో, మందు వేసుకో అని అన్నతో ఏళ్ళ తరబడి వాదించి వాదించి, చివరికి వాదనతో ఎవరినీ ఒప్పించలేమని తెలుసుకున్నాడు. ముందు వినడం, ఆ మనిషి బాధని గుర్తించడం, ఇద్దరూ ఒప్పుకోగలిగిన చిన్న విషయం వెతకడం, అక్కడినుంచి కలిసి నడవడం అనే పద్ధతిని ఆయన కుటుంబాలకు నేర్పుతూ వచ్చాడు. జబ్బుందని ఒప్పుకోని మనిషి కూడా "నిద్ర పట్టట్లేదు" అనే మాట ఒప్పుకోవచ్చు. నిద్ర కోసం డాక్టర్ దగ్గరికి రావచ్చు.

అయితే వినే ఓపిక అయిపోయినప్పుడు ఇళ్ళలో ఏం జరుగుతుందో మా ఇంటి సంగతే చెప్తాను. మా పెద్దమ్మ కొడుకు, నాకంటే ఐదేళ్ళు పెద్ద. అన్నయ్యనే రాయొచ్చా అని అడిగాను. పేరూ ఊరూ లేకుండా రాసుకో అన్నాడు.

అన్నయ్యకి ఇరవై నాలుగేళ్ళప్పుడు ఒక భయం పట్టుకుంది, తన తిండిలో ఎవరో ఏదో కలుపుతున్నారని. హోటల్లో తినడం మానేశాడు, తర్వాత ఇంట్లో కూర, తర్వాత అన్నం. డాక్టర్ స్కిజోఫ్రెనియా అన్నారు, టాబ్లెట్లు రాశారు. అన్నయ్య ఒక్కటీ మింగలేదు. అప్పట్లో అన్నయ్య అనుమానం లేకుండా తినేది ఒక్కటే, పెద్దమ్మ రోజూ పొద్దున పూజలో చిన్న వెండి గిన్నెలో పెట్టే నైవేద్యం. స్వామి ముందు పెట్టినదాంట్లో ఎవరూ ఏమీ కలపరని ఆ జబ్బులో కూడా అన్నయ్యకి నమ్మకం.

పెద్దమ్మ టాబ్లెట్ పొడి చేసి అందులోనే కలిపింది. ఇంకెందులో కలుపుతుంది? వేరేదేదీ తినట్లేదు కదా. బెల్లం, నెయ్యి ఎక్కువ వేసేది, చేదు తెలియకూడదని. కలిపేటప్పుడు ఏడ్చేదట. నిజం చెప్పాలి కాబట్టి చెప్తున్నాను, అది పని చేసింది. రెండు నెలలకి అన్నయ్య రాత్రిపూట నిద్రపోతున్నాడు, పెదనాన్నతో క్రికెట్ చూస్తున్నాడు. ఇంట్లో అందరూ అమ్మవారి దయ అనుకున్నారు.

ఒకరోజు గిన్నె అడుగున కరగని తెల్లటి ముక్క కనబడింది.

తిండిలో ఎవరో ఏదో కలుపుతున్నారనేదే కదా అన్నయ్య జబ్బు. ఆ రోజు నుంచి అది జబ్బు కాదు, నిజం. కలిపింది అమ్మ, కలిపింది దేవుడి గిన్నెలో. తర్వాత తొమ్మిది నెలలు అరటిపళ్ళు, తనే ఒలుచుకున్న ఉడికించిన గుడ్లు, తనే సీలు విప్పిన బిస్కెట్ ప్యాకెట్లు, ఇంతే. పూజగదిలోకి రావడం మానేశాడు. ఆ ఎండాకాలంలో ఒకసారి గది తలుపు వేసుకుని రెండు రోజులు మంచినీళ్ళు కూడా తాగలేదు. పెదనాన్న తలుపు గడియ విరగ్గొట్టించి, పక్కింటి ఇద్దరి సాయంతో ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. ఎత్తుకునే ముందు అన్నయ్య ఎదురుగా కింద కూర్చుని చెప్పాడట: "నాన్నా, నీకిష్టం లేకుండానే తీసుకెళ్తున్నాను. నువ్వు నీళ్ళు తాగట్లేదు, చచ్చిపోతావని భయంగా ఉంది. ఎక్కడికి తీసుకెళ్తున్నానో చెప్తాను, అబద్ధం చెప్పను."

బయటినుంచి చూస్తే రెండోదే పెద్ద బలవంతం. తలుపు విరిగింది, చేతులు పట్టుకున్నారు, పెనుగులాటలో చొక్కా చిరిగింది. మొదటిదాంట్లో ఎవరూ గొంతు కూడా పెంచలేదు. కానీ అన్నయ్య ఆ రాత్రి గురించి మామూలుగా మాట్లాడతాడు. "నాన్న చెప్పి చేశాడు" అంటాడు, అంతే. ఆ వెండి గిన్నె మాత్రం ఇప్పటికీ ముట్టడు. తిరుమల లడ్డూ తింటాడు, గుళ్ళో పులిహోర తింటాడు. ఇంట్లో నైవేద్యం తినడు. పెద్దమ్మ పెట్టడమూ మానేసింది.

పెద్దమ్మని తప్పుపట్టడానికి ఇది రాయలేదు. ఆ స్థానంలో ఉన్న ఏ తల్లి అయినా ఏం చేస్తుందో నాకు తెలుసు. మన దేశంలో ఇలా తెలీకుండా మందు కలిపే ఇళ్ళు చాలానే ఉన్నాయని సైకియాట్రిస్టులే చెబుతుంటారు. నా ప్రశ్న వేరు. మాత్ర లోపలికి వెళ్ళడం, మనిషి కోలుకోవడం, ఈ రెండూ ఒకటేనా?

దీని మీద జరిగిన పరిశోధనలు కొన్ని చదివాను. 1999లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనం నన్ను బాగా ఆపేసింది. ఆసుపత్రిలో చేరేటప్పుడు నాకిది అవసరం లేదన్నవాళ్ళని, డిశ్చార్జ్ అయ్యాక కొన్ని వారాలకి మళ్ళీ అడిగారు. వాళ్ళలో సుమారు సగం మంది (52 శాతం) అవును, అప్పుడు అవసరమే అన్నారు. ఇక్కడితో ఆపేస్తే "చూశారా, బలవంతం చేసినా తర్వాత థాంక్స్ చెప్తారు" అని మన పెద్దవాళ్ళు వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేసేస్తారు. కానీ అదే అధ్యయనంలో ఇంకో సగం ఉంది: అవసరమే అని ఒప్పుకున్నాక కూడా, తమని బలవంతం చేశారన్న భావన వాళ్ళలో తగ్గలేదు, కృతజ్ఞతగా మారలేదు. బుద్ధి ఒప్పుకుంది, గాయం అలాగే ఉంది.

ఇంకోటి ఇంగ్లండ్‌లో జరిగింది, 2013లో లాన్సెట్‌లో వచ్చింది. డిశ్చార్జ్ అయ్యాక కూడా, చికిత్సకి రాకపోతే మళ్ళీ ఆసుపత్రికి పిలిపించే అధికారం ఉండే చట్టపరమైన ఆర్డరు అక్కడ ఉంది. లాటరీ పద్ధతిలో కొందరిని ఆ ఆర్డరు కింద పెట్టారు, మిగతావాళ్ళని చాలా తక్కువ కాలం ఉండే మామూలు ఏర్పాటు మీద వదిలారు. ఏడాదిలో తిరిగి ఆసుపత్రి పాలైనవాళ్ళు ఎంతమంది? ఇటు 36 శాతం, అటు 36 శాతం. నెలల తరబడి నెత్తిమీద ఆర్డరు పెట్టుకుని తిరిగినందుకు ఏమీ కలిసి రాలేదు.

మాక్ఆర్థర్ ఫౌండేషన్ పేరుతో జరిగిన పరిశోధనల్లో తేలింది మా పెదనాన్న ఏ పుస్తకం చదవకుండానే చేశాడు. ఆసుపత్రిలో చేరిన మనిషికి ఎంత బలవంతం జరిగినట్టు అనిపిస్తుందో అది కాగితం మీద అడ్మిషన్ ఏ రకమో అన్నదాని మీద మాత్రమే ఆధారపడదు. తన మాట విన్నారా, మర్యాదగా చూశారా, మోసం చేయకుండా చెప్పారా అన్నదాని మీద చాలా ఆధారపడుతుంది. నచ్చజెప్పడం బలవంతంలా అనిపించలేదు. బెదిరింపులూ లాక్కెళ్ళడమూ అనిపించాయి.

మా ఆఫీసు భాషలో చెప్తాను, మా టీమ్ వాళ్ళు నవ్వుకుంటారు, పర్లేదు. అర్ధరాత్రి సర్వర్ పడిపోతే రీస్టార్ట్ కొడతాం. కొట్టాల్సిందే, అప్పుడు మీటింగ్ పెట్టి చర్చించం. కానీ రీస్టార్ట్ కొట్టి, అదే ఫిక్స్ అని టికెట్ క్లోజ్ చేసేస్తే వచ్చే వారం మళ్ళీ పడిపోతుంది. ప్రాణం మీదకి వచ్చినప్పుడు బలవంతం ఆ రీస్టార్ట్ లాంటిది. కోలుకోవడం తర్వాత ఏళ్ళ తరబడి జరిగే పని, ఆ పని చేయాల్సింది ఆ మనిషే. రోజూ మాత్ర గుర్తుపెట్టుకోవాలి, నిద్ర టైం చూసుకోవాలి, మళ్ళీ లక్షణాలు మొదలైతే తనే ముందు కనిపెట్టాలి, కనిపెట్టి ఎవరికో ఒకరికి చెప్పాలి. ఎవరికి చెప్తాడు? నమ్మకం ఉన్నవాళ్ళకి. ఆ నమ్మకాన్నే ఖర్చుపెట్టి మాత్ర మింగిస్తే, తర్వాత చెప్పుకోవడానికి ఎవరు మిగులుతారు?

మన చట్టం కూడా దాదాపు ఇదే దారిలో ఉంది. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. అందులో నాకు బాగా నచ్చింది నాలుగో సెక్షన్. చికిత్స గురించి ఒక మనిషి తీసుకున్న నిర్ణయం మిగతావాళ్ళకి తప్పుగా అనిపించినంత మాత్రాన, అతనికి నిర్ణయించుకునే శక్తి లేదని అనకూడదట. ఇది ఒకసారి మన ఇళ్ళల్లో ఊహించుకోండి! అలాగని గాలికి వదిలేయమనలేదు. తనకి తాను హాని చేసుకునేలా ఉన్నా, ఇతరుల మీద హింసకి దిగుతున్నా, తన ప్రాణాన్ని తను చూసుకోలేని స్థితిలో ఉన్నా, ఇష్టం లేకపోయినా చేర్చుకోవడానికి 89వ సెక్షన్ ఉంది. దానికి ఇద్దరు నిపుణులు విడివిడిగా చూడాలి, ముందు 30 రోజుల వరకే గడువు, రివ్యూ బోర్డుకి చెప్పాలి, ఆ మనిషి బోర్డుకి అప్పీలు చేసుకోవచ్చు. గొలుసులతో కట్టడం పూర్తిగా నిషేధం.

గొలుసులు అనగానే గుర్తొచ్చేది ఎర్వాడి. తమిళనాడు రామనాథపురం జిల్లాలో, ఒక దర్గా చుట్టూ వెలసిన ప్రైవేటు ఆశ్రమాల్లో అన్ని మతాలవాళ్ళూ తమవాళ్ళని తెచ్చి వదిలేవారు. 2001 ఆగస్టు 6న వాటిలో ఒకదానికి నిప్పంటుకుంది. గొలుసులతో కట్టి ఉన్నవాళ్ళు పారిపోలేకపోయారు. 28 మంది చనిపోయారు. ఇది ఏ మతం మీదా వేయాల్సిన నింద కాదు. కట్టిపడేసింది భక్తి కాదు, మనుషులు.

అదే తమిళనాడులో ఒక చిన్న ముత్తుస్వామి గుడి ఉంది. బెంగళూరు నిమ్హాన్స్ డాక్టర్లు అక్కడికి వెళ్ళి పరిశీలించి 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. తీవ్రమైన మానసిక జబ్బులున్న 31 మంది ఇంట్లోవాళ్ళతో కలిసి ఆ గుడిలో ఉన్నారు, సగటున ఆరు వారాలు. డబ్బులు తీసుకోరు. పొద్దున పూజ, గుడి ఊడ్వడం, మొక్కలకి నీళ్ళు పోయడం. అక్కడ మందులు ఇవ్వలేదు. లక్షణాల స్కోరు దాదాపు 19 శాతం తగ్గింది. దయచేసి ఇది చదివి ఎవరూ టాబ్లెట్లు ఆపకండి. 31 మంది అంటే చాలా చిన్న సంఖ్య, పోల్చి చూడటానికి ఇంకో గుంపు కూడా లేదు. నేను చూసేది వేరే సంగతి: అక్కడ భయపెట్టేవాళ్ళు లేరు, పక్కన తనవాళ్ళొకరు ఉన్నారు. ఆ డాక్టర్లు కూడా మేలు జరగడానికి కారణం ఆ ఆదరణ వాతావరణమే కావచ్చన్నారు.

మన పాత గ్రంథాల్లో అంతా మంచే ఉందని చెప్పే వీడియోలు చాలా ఉన్నాయి, మనది ఆ రకం ఛానల్ కాదు. చరకసంహితలో చికిత్స మూడు రకాలన్నారు: దైవవ్యపాశ్రయం, యుక్తివ్యపాశ్రయం, సత్త్వావజయం. అంటే దైవాన్ని ఆశ్రయించేది, మందూ ఆహారంతో చేసేది, మనసుని హానికరమైనవాటి మీదనుంచి మళ్ళించేది. దేవుడా డాక్టరా అని కొట్టుకునేవాళ్ళకి ఇది మంచి జవాబు. కానీ అదే గ్రంథంలో ఉన్మాద చికిత్స అధ్యాయంలో ఓదార్చడంతో పాటు బెదిరించడం, భయపెట్టడం కూడా ఉన్నాయి. రెండూ మనవే. వాటిలో ఏది తీసుకోవాలో ఎంచుకోవాల్సింది మనం.

ఇంకో రకం ఒత్తిడి గురించి చెప్పకపోతే అన్యాయం అవుతుంది, అది చికిత్స వద్దని చేసే ఒత్తిడి. "సైకియాట్రిస్ట్ దగ్గరికెళ్తే పిచ్చోడంటారు", "ఆ మందులకి అలవాటు పడిపోతావు", "రోజూ హనుమాన్ చాలీసా చదువు చాలు", "పెళ్ళి చేస్తే అదే కుదురుకుంటుంది". మన వయసువాళ్ళలో ఎక్కువమంది నలిగేది దీనికిందే. అన్నింటికంటే దారుణం ఆ పెళ్ళి సలహా. ఇంకో ఇంటి ఆడపిల్ల జీవితాన్ని టాబ్లెట్‌లా వాడుకోవడం అది. "వాడిష్టం, వాడి స్వేచ్ఛ" అని రెండేళ్ళు గదిలో వదిలేయడం కూడా నా దృష్టిలో గౌరవం కాదు, మన శ్రమ మిగుల్చుకోవడం. కృష్ణుడు నీ ఇష్టం అన్నది 18వ అధ్యాయంలో. మొదటి అధ్యాయంలోనే అనేసి రథం దిగి వెళ్ళిపోలేదు.

అన్నయ్య సంగతికొస్తే, ఆసుపత్రిలో మూడో వారం డాక్టరమ్మ అడిగారట, మందు ఏ రూపంలో అయితే నీకు ఇబ్బంది ఉండదు అని. అప్పటిదాకా ఎవరూ అడగని ప్రశ్న. అన్నయ్య ఇంజెక్షన్ అన్నాడు. నెలకోసారి, సీసా సీలు తన ముందే తీసి, భుజానికి. తిండికీ మందుకీ సంబంధం లేకుండా పోయింది. మెల్లగా ఇంట్లో అన్నం తినడం మొదలైంది. ఇప్పుడు ఒక ఆడిటర్ దగ్గర జీఎస్టీ రిటర్నులు చూస్తున్నాడు. మధ్యలో ఒకసారి ఇంజెక్షన్ మానేసి మళ్ళీ ఇబ్బంది పడ్డాడు, కానీ ఈసారి తనే పెదనాన్నకి ఫోన్ చేశాడు.

పోయిన ఏడాది సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు ఒక కాగితం చూపించాడు. మనం బాగున్నప్పుడే, బాగోలేనప్పుడు నాకేం చేయాలి, ఏం చేయకూడదు అని రాసిపెట్టుకునే హక్కు ఆ 2017 చట్టంలో ఐదో సెక్షన్ ఇచ్చింది. ముందస్తు ఆదేశం అంటారు. మన తరఫున మాట్లాడే ప్రతినిధిని కూడా మనమే పెట్టుకోవచ్చు. ప్రాణాపాయంలో చేసే అత్యవసర చికిత్సని మాత్రం ఆ కాగితం ఆపలేదు. చట్టప్రకారం చెల్లాలంటే ఒక పద్ధతి ఉంది, మీ డాక్టర్‌ని అడగండి. అన్నయ్యది ఇంకా చిత్తు ప్రతే. నా తరఫున మాట్లాడేది నాన్న అని ఉంది. ఫలానా మందు పడలేదు, ఇవ్వొద్దు అని ఉంది. తలుపు విరగ్గొట్టాల్సి వస్తే విరగ్గొట్టండి, కానీ ముందు చెప్పండి అని ఉంది. తిండిలో ఏమీ కలపొద్దు అన్న లైను కింద రెండుసార్లు గీత గీసి ఉంది. పెద్దమ్మ పక్కనే కూర్చుని ఆ కాగితం చదివింది, సాక్షి సంతకం నేను చేస్తానంది.

మీ ఇంట్లో ఇలాంటి పరిస్థితి ఉంటే, ముందు ఎవరితో మాట్లాడాలో తెలియకపోతే, టెలి మానస్ నంబరు 14416. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. జబ్బు పడ్డవాళ్ళే కాదు, వాళ్ళని చూసుకుంటూ అలిసిపోయినవాళ్ళు కూడా చేయొచ్చు. వచ్చే వారం వీడియోలో రెండో అధ్యాయం మొదలుపెడదాం, తొమ్మిదో శ్లోకం దగ్గర కాసేపు ఆగుతాను.